నలుగురితో కలిస్తే సైటేషన్లు పెరుగుతాయా?

ప్రశ్న: నమస్తే సార్, నేను వరంగల్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ మూడో ఏడాది. ఇప్పటికి ఒక్క పేపరే వచ్చింది. పక్క ల్యాబులతో కలిస్తే ఏడాదికి నాలుగు వస్తాయి, సైటేషన్లూ (మన పేపర్‌ని వేరేవాళ్లు తమ పేపర్లలో ప్రస్తావించడం) బాగా పడతాయి అంటున్నారు మా సీనియర్లు. నిజమేనా? సొంత పని వెనకపడుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: సైటేషన్ల మాట నిజమేనమ్మా. 2007లో వుచ్టీ, జోన్స్, ఉజ్జీ అనే ముగ్గురు పరిశోధకులు దాదాపు 2 కోట్ల పేపర్లు జల్లెడ పట్టి చూస్తే టీమ్‌గా రాసినవాటికే సగటున ఎక్కువ సైటేషన్లు వస్తున్నాయని తేలింది.

పేపర్ల లెక్క దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. 2005లో లీ, బోజ్‌మన్ అనే పరిశోధకులు అమెరికా యూనివర్సిటీ సెంటర్లలో 443 మంది శాస్త్రవేత్తల్ని తీసుకుని చూశారు, ఎక్కువమందితో కలిసి పనిచేసినవాళ్ల పేరు మీద పేపర్లు ఎక్కువే ఉన్నాయి, కానీ ఒక్కో పేపర్‌ని ఎంతమంది రాశారో అన్ని వాటాలు వేసి లెక్కేస్తే ఆ లాభం కాస్తా కనపడకుండా పోయింది. మీ సీనియర్లు చెప్పే నాలుగు పేపర్లూ నలుగురేసి రాసినవైతే మీ వాటా ఒక్క పేపరే కదా. పైగా నలుగురి టైమూ కుదరాలి, నా పీహెచ్‌డీలో ఒక డ్రాఫ్ట్ ఐదుగురి చేతులు తిరిగి ఎనిమిది నెలలు ఆగిపోయింది, ఆ బాధ ఇంకా గుర్తుంది.

అలాగని ఒంటరిగా కూర్చోమనను. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, శాంపిల్‌లో మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి రెడ్యూస్ చేస్తే (అంటే ఎలక్ట్రాన్లు అందిస్తే) నీలం రంగు వస్తుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. మీరూ ల్యాబ్‌లో ఫిస్కే-సుబ్బారో అనే పేరు వినే ఉంటారు. రాసింది ఇద్దరే, వేలమంది సైట్ చేశారు, ఎందుకంటే అది రోజూ అందరికీ పనికొచ్చే పద్ధతి!

అందుకే మీ ల్యాబ్‌లో లేనిది ఎవరి దగ్గరుందో చూసి, మీకు రాని టెక్నిక్ ఏదైనా వాళ్లకి బాగా వస్తే, ఆ ఒక్క ల్యాబ్‌తోనే కలవండి. ఊరికే పేర్లు పంచుకునే బేరానికి మాత్రం ఒప్పుకోవద్దు. శాంపిల్ పంపకముందే పేపర్ మీద మొదటి పేరు ఎవరిదో మెయిల్‌లో రాయించుకోండి, మీ గైడ్‌ని సీసీలో పెట్టండి.