రెండూ బీచ్ కౌంటీలే కదా, మాన్మత్‌కీ ఓషన్‌కీ తేడా ఏంటి?

ఎడిసన్‌లో అద్దెకుంటున్నాం, ఇల్లు కొనడానికి న్యూజెర్సీలో ఈ రెండు కౌంటీలూ చూస్తున్నాం, ఓషన్‌లో రేటు తక్కువెందుకు అని అడిగారు కదా. మేము మనలాపన్‌లో ఉంటాం, అంటే మాన్మత్ వైపు, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

అసలు 1850 దాకా ఈ రెండూ ఒకటే కౌంటీ. ఆ తర్వాత మాన్మత్‌ని పెంచింది రైలు, ఓషన్‌ని పెంచింది పార్క్‌వే అనే హైవే, నన్నడిగితే తేడా అంతా అక్కడే ఉంది.

మాన్మత్‌కి న్యూయార్క్ దగ్గర, రైలు తొందరగా వచ్చింది, దాంతో డబ్బున్నవాళ్లంతా వేసవికి లాంగ్ బ్రాంచ్‌లో దిగేవాళ్లు, ప్రెసిడెంట్లతో సహా. 1881లో ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్‌ని కాల్చాక సముద్రం గాలికి కోలుకుంటాడేమో అని ఇక్కడికే తెచ్చారు, కాటేజీ గుమ్మం దాకా రాత్రికి రాత్రి పట్టాలు వేశారంట, అయినా పాపం ఆ సెప్టెంబర్లోనే పోయాడు. పక్కనే ఓషన్ గ్రోవ్ అని మెథడిస్టు క్రైస్తవుల ఊరు (పేరు చూసి కంగారు పడకండి, ఇదీ మాన్మత్‌లోదే), 1970ల చివరిదాకా అక్కడ ఆదివారం కార్లు తిరగనిచ్చేవాళ్లు కాదు. దాన్ని ఆనుకుని ఆస్‌బరీ పార్క్, అక్కడ రాత్రంతా బార్లు, మ్యూజిక్కు. మధ్యలో చిన్న చెరువొకటి, అంతే. మా ఇంటికెవరొచ్చినా ఈ రెండూ తిప్పుతా. హోమ్‌డెల్‌లో బెల్ ల్యాబ్స్ అని టెలిఫోన్ కంపెనీ వాళ్ల రీసెర్చ్ సెంటర్ ఉండేది, అక్కడి యాంటెన్నాలో వినిపించిన గుర్రుమనే శబ్దానికే 1978లో నోబెల్ వచ్చింది, బిగ్ బ్యాంగ్ తాలూకు రేడియేషన్ అది.

ఓషన్ సంగతి వేరు. మొత్తం ఇసక నేల, పైన్ అడవి, క్రాన్‌బెర్రీ మడులు, బార్నెగట్ బేలో ఆల్చిప్పలు ఏరుకునే జనం. ఖాళీ నేల బోలెడుంది కాబట్టే నేవీ వాళ్లు లేక్‌హర్స్ట్‌లో ఎయిర్‌షిప్ బేస్ పెట్టారు, 1937లో హిండెన్‌బర్గ్ అనే ఎయిర్‌షిప్ కాలిపోయింది అక్కడే, 36 మంది పోయారు. 1950లో కౌంటీ మొత్తం జనాభా 56 వేలు. ఆ తర్వాత గార్డెన్ స్టేట్ పార్క్‌వే పడింది, రిటైరైనవాళ్ల కాలనీలు వరసగా లేచాయి, లేక్‌వుడ్‌లో యూదుల విద్యాపీఠం చుట్టూ పెద్ద ఊరే పెరిగింది, 2020 సెన్సస్‌కి 6.37 లక్షలు. ఇళ్లు కొత్తవి, రేటు తక్కువ, కానీ న్యూయార్క్ రైలు కౌంటీలోకి అడుగుపెట్టి పాయింట్ ప్లెజెంట్ బీచ్, బే హెడ్ రెండు స్టేషన్లతో ఆగిపోతుంది. టామ్స్ రివర్‌లో కొన్న మా ఫ్రెండు ఆఫీసుకి వెళ్లాల్సిన రోజు చీకట్నే లేస్తాడు, వాళ్లావిడ ఇప్పటికీ అంటుంది ఇంకో యాభై వేల డాలర్లు పెట్టి మాన్మత్‌లోనే కొనుంటే పోయేది కదా అని.

బీచ్ మాత్రం ఓషన్‌దే బావుంటుంది, ఒప్పుకోవాలి. ఐలండ్ బీచ్ స్టేట్ పార్క్ వెళ్లండి, మైళ్ల కొద్దీ ఒక్క హోటలుండదు, ఇసక దిబ్బలూ నక్కలే. వైజాగ్‌లో పుట్టినవాణ్ణి, సముద్రం చూడ్డానికి టికెట్టేంటని మొదట్లో మండేది, ఇక్కడ రెండు కౌంటీల్లోనూ చాలా ఊళ్లలో వేసవంతా బ్యాడ్జి కొనాల్సిందే.

ఓషన్‌లో కొంటే పార్క్‌వేకి పడమర చూడండి. తూర్పున, బే దగ్గర ఇల్లు నచ్చితే మాత్రం అడ్వాన్స్ ఇచ్చే ముందే ఫ్లడ్ మ్యాప్ తీయించండి, ఇన్సూరెన్స్ కొటేషన్ చేతిలోకి వచ్చాకే బేరం. 2012 శాండీ తుఫానుకి ఓషన్‌లోని మాంటొలోకింగ్‌లో సముద్రం రోడ్డు కోసేసి అవతల బేలో కలిసింది.