బుల్లెట్ ఎంత లోతుకు కూర్చోవాలి: ఫీనిక్స్‌లో ఉన్న అల్లుడికి ఉత్తరం

తిరుపతి

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. సొంతంగా తూటాలు చేసుకునేటప్పుడు ఇత్తడి కేసులోకి బుల్లెట్‌ను ఎంత లోతుకు దించాలని ఫోనులో అడిగావు. అది నోటిమాటగా చెబితే సగం గాలికి పోతుందిరా, అందుకే రాస్తున్నాను. దీన్ని లోడింగ్ బెంచీ పక్కన గోడకు అంటించుకో.

ముందు ఒక మాట. ఈ సీటింగ్ లోతు వెతకడమంటే అన్నిటికన్నా చిన్న గ్రూపు, అంటే కాగితం మీద తూటాలు పడ్డ గుంపు, ఎక్కడ పడిందా అని వెతకడం కాదు. లోతు కొంచెం అటూ ఇటూ అయినా గ్రూపు చెడని చోటు ఎక్కడుందా అని వెతకడం. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా చేతిపనే.

కొలత దగ్గర మొదలుపెడదాం. తూటా మొత్తం పొడవు, అంటే అడుగు నుంచి ముక్కు దాకా కొలిచేది, మన పనికి పనికిరాదు. మ్యాచ్ బుల్లెట్ల ముక్కులు ఒకే డబ్బాలో కూడా పది థౌ దాకా తేడాగా ఉంటాయి (మన క్యారేజి షాపు ఫిట్టర్లు అనే థౌనే, అంగుళంలో వెయ్యోవంతు). బ్యారెల్ లోపల రైఫ్లింగ్ గట్లను, అంటే ల్యాండ్స్‌ను తాకేది ముక్కు కాదు, బుల్లెట్ వంపు మొదలయ్యే చోటు, ఓజైవ్. కాబట్టి కాలిపర్‌కు కంపారేటర్ ఇన్సర్ట్ (ఓజైవ్ మీద ఆనే రంధ్రమున్న బిళ్ళ) బిగించి కేసు అడుగు నుంచి ఓజైవ్ దాకా కొలువు. ఆ అంకె నీ ఇన్సర్ట్‌కే చెల్లుతుంది. ఇంకొకడి అంకెతో పోల్చుకున్నావంటే మోసపోతావు.

ఇప్పుడు బుల్లెట్ ల్యాండ్స్‌ను ఎక్కడ తాకుతోందో పట్టుకోవాలి. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ స్ప్రింగ్ తీసేయి. నీ రైఫిల్లోనే పేల్చిన కేసును మామూలుగా సైజు చేసి, ప్రైమర్, పౌడర్ లేకుండా బుల్లెట్‌ను కావాలనే పొడుగ్గా కూర్చోబెట్టు. బుల్లెట్ కూర్చోబెట్టకముందు ఆ ఖాళీ కేసొక్కటే రైఫిల్లో పెట్టినప్పుడు బోల్ట్ హ్యాండిల్ తన బరువుకే కిందికి జారాలి. జారకపోతే అడ్డు కేసు షోల్డర్ (భుజం) దగ్గరుంది, అది సరిచేయకుండా ముందుకు పోవద్దు. తరవాత బుల్లెట్‌తో పెట్టి చూడు. హ్యాండిల్ బిగుస్తుంది, ఎత్తేటప్పుడు సన్నగా టిక్ అంటుంది. రెండేసి థౌ చొప్పున లోపలికి దించుకుంటూ పో. టిక్ పోయి, హ్యాండిల్ హాయిగా లేచిన చోట ఆపి కొలువు. అదే నీ సున్నా. అదే డబ్బాలోంచి ఇంకో మూడు బుల్లెట్లతో సరిచూసుకో.

ఆ సున్నా 2.280 అంగుళాలు అనుకుందాం. నీ .308 విన్చెస్టర్‌కు, ఆ 200 గ్రెయిన్ల హైబ్రిడ్ బుల్లెట్‌కు 20 థౌ జంప్‌తో (బుల్లెట్‌కు, ల్యాండ్స్‌కు మధ్య సందు), అంటే 2.260 దగ్గర మొదలుపెట్టు. అక్కడి నుంచి మూడేసి థౌ లోపలికి: 20, 23, 26, అలా 41 దాకా. ఎనిమిది లోతులు, ఒక్కోదానికి మూడు తూటాలు, మొత్తం 24. బ్యారెల్ దారికి రావడానికి ఇంకో మూడు వేరుగా. పౌడర్ మాత్రం ఒకటే తూకం, లోడింగ్ మాన్యువల్ చెప్పిన గరిష్ఠానికి బాగా కింద. ల్యాండ్స్‌కు ఆనించి పేలిస్తే బుల్లెట్‌కు పరుగెత్తే సందు ఉండదు, ప్రెషర్ ఎగబాకుతుంది. జంప్‌తో తేల్చుకున్న పౌడర్ తూకాన్ని అలాగే ఉంచి బుల్లెట్‌ను ల్యాండ్స్‌లోకి నెట్టడం ప్రమాదం. ఇంకో తంటా కూడా ఉంది. అలా ఇరుక్కున్న తూటాను కాల్పులు ఆపమన్నప్పుడు బయటికి లాగితే బుల్లెట్ బ్యారెల్లోనే ఉండిపోయి, పౌడరంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలుకుతుంది. ఆ రోజుకు మ్యాచ్ అయిపోయినట్టే.

మీ ఊరి బెన్ ఏవరీ రేంజిలో 100 గజాల దగ్గర, పొద్దున్నే గాలి లేవకముందే పేల్చు. కాగితం మీద ఎనిమిది చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కకు ఒక్కో తూటా చొప్పున మూడు చుట్లు తిరుగు. బ్యారెల్ వేడెక్కినా, నువ్వు అలిసినా ఆ పాపం అన్ని లోతులకూ సమానంగా పంచబడుతుంది. తరవాత పక్కపక్క గ్రూపులు చూడు. 26, 29, 32 మూడూ ఒకే సైజులో, ఒకే ఎత్తులో పడితే నీకు కావాల్సింది అదే. 38 దగ్గర ఒక్కటే బుల్లెట్ల మీద బుల్లెట్లు పడి, దానికి అటూ ఇటూ ఉన్న గ్రూపులు విచ్చుకుపోయాయంటే దాన్ని మర్చిపో. మూడు తూటాల గ్రూపు అదృష్టంతో కూడా చిన్నదవుతుంది. నచ్చిన కిటికీని, అంటే గ్రూపు చెడని ఆ లోతుల వరసను, ఇంకో రోజు ఐదేసి తూటాలతో మళ్ళీ పేల్చి నిర్ధారించుకో, ఆ తరవాతే 1000 గజాలకు పో. అక్కడ పది రింగు పది అంగుళాలు, ఎక్స్ రింగు ఐదు. ఎత్తులో చెదిరితే లోడును అనుమానించు, పక్కకు చెదిరితే ముందు గాలిని.

కిటికీలో ఎక్కడ కూర్చోవాలి? చాలామంది నడిమధ్య అంటారు. నేనైతే తక్కువ జంప్ ఉన్న అంచు వైపు, 26 దగ్గర, అంటే 2.254 పెడతాను. పేల్చేకొద్దీ థ్రోట్ (బ్యారెల్లో ల్యాండ్స్ మొదలయ్యే చోటు) అరిగి ల్యాండ్స్ ముందుకు జరుగుతాయి. తూటా పొడవు మార్చకపోయినా జంప్ తనంతట తనే 29కి, 32కి పెరుగుతుంది, కిటికీ అంతా నీకు కలిసొస్తుంది. రెండు మూడొందల తూటాలకోసారి సున్నా కొలిచి రాసుకో. అది ఆరు థౌ జరిగాక అప్పుడు పొడవు పెంచుకో.

అంకె నిలకడగా రాకపోతే డైని (బుల్లెట్‌ను కేసులోకి దించే అచ్చును) తిట్టకు. బుల్లెట్ ముక్కుకు మార్కర్ పూసి కూర్చోబెట్టి చూడు. ఇంకు కొన దగ్గర చెరిగితే, బుల్లెట్‌ను కిందికి నొక్కే సీటింగ్ స్టెమ్ నీ బుల్లెట్‌కు సరిపడేది కాదు. అది వంపు మీద ఉంగరంలా, చుట్టూ సమానంగా పట్టాలి. స్టెమ్ సరిగ్గా ఉంటే నెక్ (బుల్లెట్‌ను పట్టి ఉంచే కేసు మెడ) చూడు. ఒక తూటాకు ప్రెస్ హ్యాండిల్ మెత్తగా దిగి, ఇంకోదానికి బిర్రుగా దిగితే లోతు తేడా రాక మానదు. కేసులను తడి టంబ్లర్లో మరీ తళతళా కడిగితే నెక్ లోపల మసి పోయి బుల్లెట్ పట్టేస్తుంది, లోపల కొంచెం గ్రాఫైట్ పూసుకో. ఇంకోటి, పౌడర్ నిండుగా నొక్కుకుపోయిన లోడులో బుల్లెట్ రాత్రికి రాత్రి వెనక్కి లేస్తుంది. పొద్దున మళ్ళీ కొలిస్తేగాని తెలీదు. లోతు ఎక్కువై పోయినదాన్ని పుల్లర్‌తో లాగి సరిచేసి స్కోరుకు వాడొద్దు, నెక్ పట్టు మారిపోయి ఉంటుంది. దాన్ని బ్యారెల్ వేడి చేయడానికి పక్కన పెట్టు.

తూటాలు కారులో ఎండకు వదలొద్దు. మన రోహిణి కార్తె ఎండ నీకు తెలుసు, అక్కడిది అంతకు తక్కువేమీ కాదు. వేడెక్కిన పౌడర్ వేగాన్నీ ప్రెషర్‌నూ పెంచితే నువ్వు తేల్చుకున్న లోతుకు అర్థం ఉండదు.

సంక్రాంతికి వస్తున్నానన్నావు. రేంజికి తీసుకుపోయే బ్యాగుతో మాత్రం విమానం ఎక్కొద్దు, వేరే బ్యాగు తెచ్చుకో. అడుగున ఒక్క తూటా మిగిలి చెన్నైలో దొరికినా కేసు పెడతారు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద తూటా తయారీకి లైసెన్సు కావాలి, కాబట్టి బుల్లెట్లు, డైలు, ప్రెస్ అన్నీ అక్కడే ఉండనీ. నీ కొలతల పుస్తకం ఒక్కటి తే, కూర్చుని చూద్దాం.

మామ