దూడలకు పట్టింది గజ్జి కాదు, తామర

ప్రశ్న: మాకు నాలుగు పాడి గేదెలు, మూడు దూడలు ఉన్నాయి. రెండు దూడలకు నెల నుంచి కళ్ల చుట్టూ, చెవుల దగ్గర, మెడ మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి, బూడిద రంగు పెచ్చులు కడుతున్నాయి. గజ్జి అని మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. రెండుసార్లు ఇంజక్షన్ చేయించినా తగ్గలేదు. ముందు జాగ్రత్తగా పాలిచ్చే గేదెలకూ చేయించమంటున్నారు. లంపీ స్కిన్ ఏమోనని టెన్షన్‌గా ఉంది. దూడలను చూసుకునే మా అబ్బాయి చేతి మీద కూడా గుండ్రటి మచ్చ లేచింది, దురదగా ఉందంటున్నాడు.
– ఒక పాడి రైతు, కృష్ణా జిల్లా

జవాబు: అసలు సంగతి మీరు చివర్లో రాశారు. అబ్బాయి చేతి మీది మచ్చ, దూడల ముఖం మీది పెచ్చులు ఒకే జబ్బులా ఉన్నాయి. అది తామర. ఫంగస్ వల్ల వస్తుంది, పశువుల నుంచి మనుషులకు అంటుతుంది. ఐవర్‌మెక్టిన్ పురుగులను చంపే మందు. పదిసార్లు పొడిపించినా ఫంగస్ పోదు.

గజ్జి పట్టిన దూడ కుదురుగా నిలబడదు. గుంజకూ గోడకూ ఒళ్లు రాసుకుంటూనే ఉంటుంది, చర్మం మందమెక్కి ముడతలు పడుతుంది. తామరలో దురద తక్కువ, మేత మామూలుగానే తింటుంది. మచ్చ అంచు గుండ్రంగా తెలుస్తుంది, పెచ్చు గోడ సున్నంలా పొడిగా రాలుతుంది. లంపీ స్కిన్‌కు ముందు జ్వరం, తర్వాత ఒళ్లంతా గట్టి గడ్డలు. అది ఆవులు, ఎద్దుల్లోనే ఎక్కువ. అలాంటి గడ్డలు కనిపిస్తే పశువైద్య సేవల టోల్‌ఫ్రీ నంబరు 1962కు ఫోన్ చేయండి, అంతవరకు ఆ భయం వద్దు.

చేతులకు గ్లౌజులు వేసుకుని గోరువెచ్చని సబ్బు నీళ్లతో పెచ్చులను పది నిమిషాలు నాననిచ్చి, మెత్తటి బ్రష్‌తో తీసేయండి. రాలినవి పేడకుప్పలో వేయకుండా కాల్చేయండి. చర్మం ఆరాక మెడ మీద, చెవుల దగ్గర విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు రాయండి. మచ్చ అంచు దాటి ఒక అంగుళం మేర పట్టించాలి. కళ్ల చుట్టూ ఆ మందు వద్దు, మంట పుడుతుంది. అక్కడ ఒక శాతం క్లోట్రిమజోల్ క్రీమును కంట్లో పడకుండా రాయండి. కనీసం 3 వారాలు వాడాలి, పెచ్చు రాలిందని నాలుగో రోజే ఆపకండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటుంటే మానుకోండి, చర్మం కాలుతుంది, దూడ నాకితే విషం.

చాలా దూడల్లో తామర రెండు నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. వదిలేస్తే ఈలోపు మూడో దూడకూ, మీ ఇంట్లో మిగతావాళ్లకూ అంటుతుంది. కాబట్టి రెండింటినీ వేరే చోట కట్టండి. పలుపులు, బ్రష్‌లు వేటివి వాటికే. దూడలను బయటికి తోలి, లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి గుంజలు, గోడలు, నేల కడగండి. ఆరిన తర్వాతే లోపల కట్టాలి. చీకటిగా, చెమ్మగా ఉండే పాకలో ఇది వదలదు, రోజూ ఎండలో కట్టేయండి. పచ్చిమేత, రోజుకు 15–20 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి.

ఇక ఆ ఇంజక్షన్ సంగతి. ఒక శాతం ఐవర్‌మెక్టిన్ అయితే 50 కిలోల బరువుకు 1 మి.లీ., అదీ చర్మం కింద. షాపాయన మీ దూడను తూచాడా, కనీసం చూశాడా? జబ్బేదో చూడకుండా సీసా చేతిలో పెట్టేవాడి మాట మీద నాలుగు గేదెలకు పొడిపిస్తానంటున్నారు! పాలిచ్చే గేదెలకు అది అసలు వద్దు, మందు పాలలోకి దిగుతుంది. ఇలా అక్కర లేకుండా వాడుతూ పోతే, రేపు నిజంగా గజ్జి వచ్చినప్పుడు పనిచేయకుండా పోతుంది.

అబ్బాయిని చర్మ వైద్యుడికి చూపించి, ఇంట్లో దూడలకు తామర ఉందని చెప్పండి. షాపుల్లో స్టెరాయిడ్ కలిసిన క్రీములు అంటగడతారు. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మచ్చ మాత్రం పాకుతూనే ఉంటుంది.

3 వారాలకూ కొత్త వెంట్రుకలు మొలవకపోతే వారం రోజులు మందు ఆపి, మచ్చ అంచున పెచ్చు గీరి, నాలుగు వెంట్రుకలు పీకి, కాగితం పొట్లంలో పశు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరులో వద్దు, చెమ్మ పట్టి నమూనా పాడవుతుంది.