‘ది కార్’ వింటే నిద్రొస్తోంది, ఆర్క్‌టిక్ మంకీస్ రాక్ వదిలేశారా?

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే అడిగాను. బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఆర్క్‌టిక్ మంకీస్ ఆల్బమ్ ‘ఏఎమ్’ విని ఫ్యాన్ అయ్యారు, వాళ్లదే ‘ది కార్’ ఆల్బమ్ పెడితే అంతా నెమ్మదిగా, సినిమా నేపథ్య సంగీతంలా ఉంది, లోపం వాళ్లదా నాదా అంటున్నారు. నాకూ నిద్రే వచ్చింది. 2022 అక్టోబర్ 21న ఆల్బమ్ వచ్చిన రోజే పెట్టుకుని, నాలుగో పాట దగ్గర ఆపేసి, మళ్లీ ‘ఏఎమ్’కే వెళ్లిపోయాను. కొన్ని నెలలు దాని జోలికే పోలేదు.

నేను చేసిన తప్పు, పని చేసుకుంటూ వినడం. ‘ఏఎమ్’ పాటలు మనం పట్టించుకోకపోయినా వచ్చి భుజం తడతాయి. గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుస), డ్రమ్స్ కలిసి ఒకే చోట దెబ్బ వేస్తాయి, తల దానంతటదే ఊగుతుంది. ‘ది కార్’ అలా పిలవదు. మొదటి పాట ‘దేర్డ్ బెటర్ బీ ఎ మిర్రర్‌బాల్’లో గొంతు వినపడేలోపే పియానో, వయొలిన్లు చాలాసేపు తిరుగుతాయి. ఈలోగా మనం ఫోన్‌లో ఇంకేదో చూస్తుంటాం. ఇక ఆ పాట పోయినట్టే.

నా అభిప్రాయం మారింది వినడం వల్ల కాదు, వాయించబోయి బోల్తా పడటం వల్ల. అప్పట్లో బేస్ గిటార్ నేర్చుకుంటున్నాను. వేగం పాటలు చేతికి రావట్లేదని, నెమ్మదిగా ఉంది కదా తేలిగ్గా వచ్చేస్తుందని ఆ మొదటి పాటే పట్టుకున్నాను. స్వరాలు తొందరగానే దొరికాయి. కానీ మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మంటూ లయ చూపే పరికరం) పెట్టుకుంటే ప్రతిసారీ నేను ముందుకు పరిగెడుతున్నాను! హోరు ఎక్కువున్న పాటలో చిన్న తప్పు చేస్తే ఎవరికీ తెలియదు, గిటార్లు కప్పేస్తాయి. ఇక్కడ స్వరానికీ స్వరానికీ మధ్య అంత ఖాళీ ఉంటే ఎక్కడ దాక్కుంటాం? బ్యాండ్‌లో బేస్ వాయించే నిక్ ఓమ్యాలీ ఆ ఖాళీని ఎంత నిబ్బరంగా వదిలేశాడో అప్పుడు అర్థమైంది. డ్రమ్స్ వాయించే మ్యాట్ హెల్డర్స్ సంగతి మరీను. పాత పాటల్లో చేతులు నాలుగున్నాయా అనిపించే మనిషి, ఇక్కడ చాలాచోట్ల దాదాపు ఏమీ చేయడు. చేతకాక కాదు, కావాలనే. (అన్నట్టు కవర్ మీదున్న కారు ఫొటో తీసింది కూడా ఆయనే.)

అక్కడి నుంచి వెనక్కి వెళ్లి ఒక పని చేశాను. పాత ఆల్బమ్‌లన్నిటిలోంచి చివరి పాటలు మాత్రమే తీసి ఒక ప్లేలిస్టు చేశాను. మీరూ చేసి చూడండి. 2007 నాటి రెండో ఆల్బమ్ ముగిసేది ‘505’తో, అది ఆర్గాన్ మీద మెల్లగా మొదలయ్యే పాట. 2013 నాటి ‘ఏఎమ్’ ముగిసేది ‘ఐ వనా బీ యువర్స్’తో, జాన్ కూపర్ క్లార్క్ కవితకు కట్టిన బాణీ. ఈ మెత్తదనం మొన్న పుట్టింది కాదన్నమాట. అప్పుడు ఆల్బమ్ చివర్లో ఒక మూల కూర్చునేది, ఇప్పుడు ఇల్లంతా తనదే. వయొలిన్లూ కొత్త కాదు. పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్ 2008లోనే ది లాస్ట్ షాడో పప్పెట్స్ అనే ఇంకో బ్యాండ్‌లో నిండా ఆర్కెస్ట్రాతో ఆల్బమ్ చేశాడు.

అసలు మలుపు 2018లో వచ్చిన ‘ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ క్యాసినో’. ముప్ఫయ్యో పుట్టినరోజుకు మేనేజర్ టర్నర్‌కి ఒక స్టెయిన్‌వే పియానో బహుమతిగా ఇచ్చాడు. దాని ముందు కూర్చుని ఆ పాటలు రాశాడు. గిటార్ మీద చెయ్యి రిఫ్ వెతుక్కుంటుంది, పియానో మీద కార్డ్స్‌ని (కలిసి మోగే స్వరాల్ని) పేర్చుకుంటూ పోతుంది. పాట నడకే మారిపోతుంది.

అయినా బ్యాండ్‌కి ఇది క్షేమమైన దారేమీ కాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి వచ్చిన ఈ కుర్రాళ్ల మొదటి ఆల్బమ్ 2006లో బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,60,000 కాపీలు దాటి అమ్ముడైంది. దానితో కలిపి వరుసగా ఆరు ఆల్బమ్‌లు అక్కడ ఒకటో స్థానంలోకి వెళ్లాయి. ‘ది కార్’ రెండో స్థానంలో ఆగింది. అదే రోజు టేలర్ స్విఫ్ట్ ‘మిడ్‌నైట్స్’ విడుదలవడం వాళ్ల ఖర్మ.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, వరుసగా వద్దు. ముందు ‘బాడీ పెయింట్’ వినండి. మెల్లగా, గొంతు సన్నం చేసి మొదలవుతుంది, చివరికి వచ్చేసరికి మీరు వెతుకుతున్న గిటార్ గరగరలాడుతూ వస్తుంది. 2023 గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ఈ పాట వాయించిన వీడియో కూడా చూడండి, రాక్ వదిలేశారా అన్న అనుమానం అక్కడే తీరిపోతుంది. తర్వాత ‘స్కల్ప్చర్స్ ఆఫ్ ఎనీథింగ్ గోస్’. డ్రమ్ మెషీన్, బరువైన సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), అంతే. నాకు మొత్తం ఆల్బమ్‌లో ఇదే ఎక్కువ ఇష్టం, కొంచెం భయం కూడా వేస్తుంది. ‘ఐ ఎయింట్ క్వైట్ వేర్ ఐ థింక్ ఐ యామ్’లో వా-వా గిటార్ (వా వా అని మూలిగినట్టు మోగేది) ఉంది, అది కాళ్లాడించే పాటే. మిర్రర్‌బాల్ పాటను వీటి తర్వాతే పెట్టుకోండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడదు, బేస్ లేకపోతే ఈ ఆల్బమ్‌లో సగం లేనట్టే.

పదిసార్లు వింటే నచ్చేస్తుందని చెప్పేవాళ్లతో మాత్రం నాకు పడదు. పదిసార్లు వింటే ఏదైనా అలవాటవుతుంది, అది నచ్చడం కాదు. మూడుసార్లు శ్రద్ధగా విన్నా ఏమీ తగల్లేదంటే వదిలేయండి, ‘ఏఎమ్’ ఎక్కడికీ పోలేదు. నాకూ అన్నీ ఎక్కలేదు. మాటలు కొన్నిచోట్ల మరీ పొగమంచులా ఉంటాయి, ఎవరు ఎవరితో ఏమంటున్నారో తెలియదు. రెండో సగంలో ‘మిస్టర్ ష్వార్ట్జ్’ వచ్చినప్పుడల్లా ఇప్పటికీ చెయ్యి దానంతటదే తర్వాతి పాట మీదికి పోతుంది.