పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడు

రాయగడ

చిరంజీవి బాబుకి,

కోరాపుట్ నుంచి నువ్వు ఫోను చేసినప్పటి నుంచీ అదే ఆలోచన. ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి టీమ్ వర్క్ మీద క్లాసు చెప్తానన్నావు. ఆ క్లాసు మానెయ్. తలలూపేసి, క్యాంటీన్లో ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు పోతారు.

నర్సుగా నా సర్వీసులో జరిగింది చెప్తాను. కొండ ఊరి ముసలాయనకి టీబీ మందులు మొదలుపెట్టాం. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది కదా, ఆయన రక్తం పడుతోందనుకుని నాలుగో రోజుకే మానేశాడు. డాక్టరుగారు ఫార్మసీలో చెప్పుంటారనుకున్నారు. ఫార్మసిస్టు నేను చెప్పాననుకున్నాడు. నేనేమో డాక్టరుగారు చెప్పేసే ఉంటారనుకున్నాను. ఆశా కార్యకర్తకి మాత్రం సంగతంతా తెలుసు. ఆమెకి ఆ కొండవాళ్ల కువి భాష వచ్చు, ముసలాయన ఆమెతోనే గోడు చెప్పుకున్నాడు. ఆమెని అడగాలని మాకెవరికీ తోచలేదు.

అలాంటి కేసే పిల్లలకి ఇవ్వు, కానీ ముక్కలు చేసి. ఒకరికి మందుల చీటీ, ఒకరికి నర్సు నోట్సు, ఇంకొకరికి ఇంటి సంగతులు. ఎవరి దగ్గరా కథ పూర్తిగా ఉండకూడదు. జట్టుకి ఆరుగురు చాలు. పెన్ను నర్సింగ్ అమ్మాయికివ్వు, లేదంటే ఐదు నిమిషాల్లో మెడికో చేతిలో ఉంటుంది. పాపం అతని తప్పు కాదులే, అలవాటు.

2010లో డబ్ల్యూహెచ్ఓ చెప్పింది వేర్వేరు కోర్సులవాళ్లు ఒకరి గురించి, ఒకరి నుంచి, ఒకరితో కలిసి నేర్చుకోవాలని. మనవాళ్లు మూడోది ఒక్కటి చేసి ఫొటో తీయించుకుంటారు.

డ్యూటీ డాక్టరుకి ఫోను చేయడం కూడా ప్రాక్టీసు చేయించు. రోగి సంగతి వరసగా చెప్పే ఎస్‌బార్ పద్ధతి నీకు తెలిసిందే: ఇప్పుడేం జరుగుతోంది, వెనకేం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టిన పద్ధతి. మన పిల్లలు మొదటి రెండూ గడగడా చెప్పేస్తారు, మూడోదాని దగ్గరికొచ్చేసరికి గొంతు పెగలదు. "నాకిలా అనిపిస్తోంది సార్" అనడానికే టెన్షన్. అక్కడ ఆపి మళ్లీ చెప్పించు. తర్వాత మెడికోని నర్సు చేసి, విసుక్కునే డాక్టరుగా నువ్వే ఫోనెత్తు.

టైంటేబుల్ గొడవ ఎలాగూ తప్పదు, ఫార్మసీవాళ్ల ప్రాక్టికల్స్ ఏ రోజుల్లోనో ముందే కనుక్కో.

చివర్లో అరగంట మిగుల్చుకో. "తెలిసీ చెప్పకుండా ఊరుకున్నదేమిటి?" అని అడుగు. మొదట ఎవరూ నోరు విప్పరు. కంగారుపడి నువ్వే మాట్లాడెయ్యకు. గోడ గడియారం చూస్తూ కూర్చో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లాడెవడో మొదలెడతాడు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ