అదనపు లైట్లు పెట్టించిన బండి కాలిపోతే బీమా రాదా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. రాత్రి డ్యూటీ దిగి వచ్చే దారిలో వీధి దీపాలుండవు, గేదెలు అడ్డం వస్తాయి. అందుకని నా 350 సీసీ బండికి ఊళ్లో మెకానిక్ చేత రెండు ఎల్ఈడీ ఫాగ్ లైట్లు పెట్టించాను. హెడ్‌లైట్ వైరు కోసి వాటిని కలిపాడు. తర్వాత పోలీసులు చలానా రాశారు, ఇంకా కట్టలేదు. రెండు నెలల క్రితం ఇంటి ముందు ఆపిన బండి, తాళంచెవి తీసిన గంట తర్వాత అంటుకుంది. హెడ్‌లైట్, వైరింగ్, ట్యాంకు ముందు భాగం కాలిపోయాయి. ‘బయటి ఫిట్టింగ్ ఉంది’ అని బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. చాలా టెన్షన్‌గా ఉంది. నేను చేసింది నేరమా? డబ్బు వస్తుందా?

జవాబు: క్లెయిమ్ వదిలేయకండి. మీ ఉత్తరంలో మీకు బాగా పనికొచ్చే మాట ఒకటుంది: తాళంచెవి తీసిన గంట తర్వాత మంట లేచింది. చాలా బండ్లలో తాళంచెవి తీయగానే హెడ్‌లైట్ వైరులో కరెంటు ఆగిపోతుంది. లైట్లను ఆ వైరుకే కలిపి ఉంటే, గంట తర్వాత నిప్పు అక్కడే పుట్టిందని సర్వేయర్ (కంపెనీ తరఫున నష్టాన్ని పరిశీలించే వ్యక్తి) ఎలా తేల్చారు? ఈ ప్రశ్నకు జవాబు కంపెనీయే చెప్పాలి. అయితే మెకానిక్ బ్యాటరీ నుంచి కూడా నేరుగా ఒక వైరు లాగి ఉంటే కథ మారిపోతుంది. ముందు అతన్ని అడిగి అది తేల్చుకోండి.

మామూలు ప్యాకేజీ పాలసీలో అగ్నిప్రమాదానికీ, బండి దానంతటదే అంటుకోవడానికీ రక్షణ ఉంటుంది. ‘ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్’కు మాత్రం ఉండదు. మంట లేకుండా వైరు మాత్రమే మాడితే కంపెనీ ఆ మినహాయింపు చూపిస్తుంది. మీ బండికి మంటలు లేచాయి కాబట్టి ఆ వాదన బలహీనం. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే మాత్రం సొంత బండి నష్టానికి ఏమీ రాదు. పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి.

షరతు ఉల్లంఘించారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ మొత్తం కొట్టేయడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1996లో బి.వి.నాగరాజు కేసులో, అనుమతికి మించి మనుషుల్ని ఎక్కించినా ప్రమాదానికి అది కారణం కాదు కాబట్టి బీమా ఇవ్వాల్సిందేనంది. 2010లో అమలేందు సాహూ కేసులో ప్రైవేటు కారును అద్దెకు తిప్పినా క్లెయిమ్ పూర్తిగా నిరాకరించడం తప్పని, నాన్-స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోత పెట్టి అయినా, చెల్లించాలని చెప్పింది. నిప్పు ఆ అతుకు దగ్గరే పుట్టిందని తేలితే పూర్తి డబ్బు రావడం కష్టం. బండిని జాగ్రత్తగా చూసుకోవాలన్న షరతును కంపెనీ ముందుకు తెస్తుంది. అప్పుడు మనం అడగాల్సింది ఈ నాన్-స్టాండర్డ్ సెటిల్‌మెంటే.

ఇక నేరం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ‘మార్పు’ అంటే బండి నిర్మాణం మారి దాని మౌలిక లక్షణమే మారిపోవడం. కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన మాట నిజమే. కానీ రెండు లైట్లు బిగించినంత మాత్రాన బండి మౌలిక లక్షణం మారిందనడం సరికాదని నా అభిప్రాయం. ఫాగ్ లైట్లను కొన్ని కంపెనీలే యాక్సెసరీగా అమ్ముతున్నాయి కూడా.

అసలు చిక్కు వెలుతురు ఎటు పడుతోందన్న దగ్గర ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది, 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కళ్లకు మిరుమిట్లు కొట్టకుండా కాంతి కిందికి వాలి ఉండాలంటుంది. 111వది ముందు వైపు స్పాట్ లైట్లనే నిషేధించింది. ఫాగ్ లైటని చెప్పి బజారులో అమ్మే ఎల్ఈడీల్లో చాలావరకు స్పాట్ లైట్లే. ఎదురుగా వచ్చే సైకిలతను రెండు క్షణాలు ఏమీ కనిపించక గట్టు దిగిపోతే, ఆ ప్రాణానికి బాధ్యత మీదే. గేదెల భయం నాకు అర్థమవుతుంది, కానీ అవతలివాడిదీ అదే చీకటి దారి.

చలానా ఏ సెక్షన్ కింద రాశారో చూడండి. 182ఎ(4) అయితే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 190(2) అయితే మొదటిసారి 10,000 దాకా జరిమానా, మూడు నెలల వరకు జైలు పడొచ్చు, మూడు నెలలు లైసెన్సు అనర్హత కూడా ఉంటుంది. లైట్లు నిజంగా కళ్లు చెదరగొట్టేవే అయితే పోట్లాడకుండా కట్టేయండి. కావనుకుంటే కోర్టులో వాదించవచ్చు. ఏదైనా సరే, క్లెయిమ్ కాగితాలన్నీ ఒక లాయరుకు చూపించాకే నిర్ణయించుకోండి, మీరు అక్కడ అన్న మాటను బీమా కంపెనీ ఇక్కడ వాడుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది: తిరస్కరణ లేఖ, సర్వేయర్ రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కాలిన వైరింగు, ఫ్యూజు పెట్టె, స్విచ్చులను పాత సామాన్లవాడికి వేయకండి. వేరే ఆటో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, నిప్పు పుట్టిన చోటు మీద రాతలో అభిప్రాయం తీసుకోండి. తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ ఫీజు లేదు. కంపెనీ నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువుంది.

బండి బాగయ్యాక మళ్లీ లైట్లు పెట్టించాలనుకుంటే ఒరిజినల్ వైరు కోయనివ్వకండి. విడిగా ఫ్యూజు, రిలే వేయించి, బిల్లు తీసుకుని, పాలసీలో ఐఎంటీ 24 అనే క్లాజు కింద ఎలక్ట్రికల్ ఫిట్టింగ్‌గా రాయించండి. దాని ప్రీమియం పాత టారిఫ్ ప్రకారం ఫిట్టింగ్ విలువలో 4 శాతమే.