చైనీస్ వైద్యుడు ‘స్ప్లీన్ వీక్’ అన్నారు, పెరుగు మానేయాలా డాక్టర్?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. సింగపూర్‌లో ఉంటున్నాం. ఆరేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈమధ్య కడుపుబ్బరం, మోకాలి నొప్పి, బాగా నీరసం. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆక్యుపంక్చర్ చేసే చైనీస్ వైద్యుడు నాడి పట్టి, నాలుక చూసి స్ప్లీన్ వీక్‌గా ఉందన్నారు. పెరుగు, సలాడ్లు, ఫ్రిజ్ నీళ్లు మానేసి రోజూ పొద్దున బియ్యం జావ, ఎర్ర ఖర్జూరాలు తినమన్నారు. భయంగా ఉంది, స్కాన్ చేయించుకోవాలా?

జవాబు: ముందు ఆ భయం వదిలేయండమ్మా. ఆయన చెప్పిన స్ప్లీన్, మీ ఎడమపక్క పక్కటెముకల కింద ఉండే ప్లీహం ఒకటి కాదు. చైనా వైద్యంలో ‘పీ’ అని ఒక మాట ఉంది, తిన్నది అరిగించి ఒంటికి శక్తిగా మార్చే పనంతా వాళ్లు దాని మీదే పెడతారు, ఇంగ్లిషులో దానికి స్ప్లీన్ అని పేరు పెట్టేశారు అంతే. మన పెద్దవాళ్లు జఠరాగ్ని మందగించింది అంటారు చూడండి, దాదాపు అలాంటిదే. ఆ ఒక్క మాట కోసం స్కాన్ అక్కర్లేదు.

వాళ్ల తిండి లెక్క మీకు మరీ కొత్తేం కాదు. మనింట్లో వేడి చేసేవి, చలవ చేసేవి అనుకుంటాం కదా, వాళ్లూ అంతే, అల్లం వేడి, పుచ్చకాయ చలవ, ఎండాకాలం వస్తే పెసలు ఉడకబెట్టి తాగుతారు. అరుగుదల తక్కువున్నవాళ్లు చల్లటివి, పచ్చివి తగ్గించి మెత్తగా ఉడికినవి వేడివేడిగా తినాలంటారు. ఉబ్బరం ఉన్నవాళ్లు పచ్చి ఉల్లి, క్యాబేజీ తగ్గిస్తే కొంచెం హాయిగా ఉండటం నేనూ చూశాను, అందుకే దాన్ని తప్పు పట్టను. పెరుగు మాత్రం రెండు వారాలు ఆపి చూడండి, తేడా ఏమీ లేకపోతే మళ్లీ మొదలుపెట్టేయండి, ఊరికే ప్రోటీన్, కాల్షియం పోగొట్టుకోవడం ఎందుకు.

నాకు ఇబ్బందనిపించింది జావ. తెల్లబియ్యం అంతసేపు ఉడికి జావైపోతే అది తాగిన కాసేపటికే షుగర్ గబుక్కున పైకెళ్తుంది. తాగాలనిపిస్తే చిన్న గిన్నెడు, అందులో గుడ్డో చేపో చికెనో వేసుకుని, రెండు గంటలయ్యాక మీటర్‌లో చూసుకోండి, సింగపూర్ లెక్కలో 10 (mmol/L) దాటితే (మన లెక్కలో 180 mg/dL) ఆ టిఫిన్ మీకు పడదు. ఇక ఎర్ర ఖర్జూరాలు, అవి అసలు ఖర్జూరాలే కావు, మన భోగిపళ్లు ఉన్నాయే, ఆ రేగు జాతివి. ఎండబెట్టినవి కాబట్టి తీపి గట్టిగానే ఉంటుంది, రెండు మూడు చాలు. రక్తం పడుతుందని వాళ్లు ఇస్తారు గానీ 9.2ని 12 చేయడం వాటివల్ల కాదు.

మీ నీరసానికి కారణం నేనైతే ఆ 9.2 దగ్గరే వెతుకుతాను. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బి12 పరీక్షలు చేయించుకోండి, ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు, అలాగని బిళ్ల మీ అంతట మీరు ఆపకండి. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువవుతోందా అన్నది మీరు రాయలేదు, అవుతుంటే గైనకాలజిస్టుకి చూపించుకోండి. ఐరన్ బిళ్ల ఇస్తే టీతో మాత్రం వేసుకోవద్దు.

మోకాలికి ఆక్యుపంక్చర్ కొందరికి కాస్త ఉపశమనం ఇస్తుంది, మానక్కర్లేదు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి, కళ్లు తిరుగుతాయి, గంట ముందు ఏదైనా కొంచెం తినండి. ఆయన మూలికల పొడులు ఇస్తే పేర్లు రాయించుకుని మీ షుగర్ డాక్టర్‌కి చూపించండి, అతిమధురం వాటిల్లో తరచూ ఉంటుంది, బీపీ పెంచుతుంది. మలం నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఇవన్నీ పక్కనపెట్టి ఈ వారమే హాస్పిటల్‌కి వెళ్లండి.